ఎర్ర బ్యాటరీ గుర్తు వెలిగింది: బ్యాటరీ కొనాలా, డైనమో విప్పాలా?

కారు నడుస్తుండగా మీటర్ బోర్డు మీద ఎర్ర బ్యాటరీ బొమ్మ వెలిగితే మన దగ్గర వినబడే మాట ఒకటే. "బ్యాటరీ ఖతమైంది అన్నా, కొత్తది ఏస్తే అయిపోతది." కొత్తది వేస్తారు, ఐదారు వేలు పోతాయి, రెండు రోజులకు అదే లైటు మళ్లీ వెలుగుతుంది. బొమ్మ బ్యాటరీదే కానీ ఫిర్యాదు బ్యాటరీ మీద కాదు. ఇంజన్ తిరుగుతున్నా డైనమో నుంచి బ్యాటరీకి అందాల్సిన కరెంటు అందట్లేదని అది చెబుతోంది. బిందె బొమ్మ చూపించి నల్లా వస్తలేదని చెప్పినట్టన్నమాట.

ఈ సంగతి నేను డబ్బులు పెట్టి నేర్చుకున్నాను. మేడారం నుంచి తిరిగొస్తుంటే పస్రా దాటాక లైటు వెలిగింది. దారిలో ఒక బ్యాటరీ షాపు కనబడితే ఆపాను. అతను మీటరు కూడా తీయకుండా పాతది పీకి కొత్తది బిగించాడు. నేనూ అడగలేదు. వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు, డిక్కీలో ప్రసాదం బంగారం, అంటే బెల్లం, కరుగుతోంది, అందరికీ ఇల్లు చేరాలన్న తొందరే. స్టార్ట్ చేయగానే లైటు ఆరింది, మోసపోయింది అక్కడే. ఆత్మకూరు రాకముందే మళ్లీ వెలిగింది. మర్నాడు హన్మకొండలో ఒక ఎలక్ట్రీషియన్ డైనమో విప్పి, లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు, అదే కార్బన్లు, గోరంత కూడా మిగలకుండా అరిగిపోయినవి రెండు తీసి నా అరచేతిలో పెట్టాడు. కొత్త బ్యాటరీకి పెట్టిన దాంట్లో పదో వంతు కూడా కాలేదు ఆ రిపేరు.

కాబట్టి ఎవరి దగ్గరికి పోవాలి, ఏం మార్పించాలి అన్న ఎంపికలన్నీ ఒక్క ప్రశ్న తేలాకే మొదలవుతాయి. తప్పు కరెంటు తయారుచేసే డైనమోదా, దాచిపెట్టుకునే బ్యాటరీదా, మధ్యలో ఉన్న వైరుదా? మన మెకానిక్‌లు అలవాటుగా డైనమో అనేది అసలుకు ఆల్టర్నేటర్. నేనూ డైనమో అనే అంటాను.

లైటు ఎప్పుడు వెలిగిందో గుర్తుపెట్టుకోండి

తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయకముందు ఈ గుర్తు వెలగాలి, స్టార్ట్ కాగానే ఆరాలి. తాళం తిప్పినా అసలు వెలగకపోతే సంబరపడొద్దు. చాలా పాత బండ్లలో డైనమోకు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే పోతుంది. బల్బు మాడితే డైనమో నిద్ర లేవదు.

నడుస్తుండగా వెలిగి అలాగే ఉండిపోతే చార్జింగ్ ఆగిపోయిందనుకోవచ్చు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సన్నగా వెలిగి, రేజ్ ఇస్తే ఆరిపోతుంటే డైనమోను తిప్పే బెల్ట్ వదులైందో, కార్బన్లు చివరికొచ్చాయో అయి ఉంటుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమని అరుపు కూడా వినిపిస్తే బెల్ట్‌నే ముందు అనుమానించండి.

ఒకేసారి స్టీరింగ్ లైటు, ఏబీఎస్ లైటు, ఇంజన్ లైటు అన్నీ దీపావళి లెక్క వెలిగితే చాలామంది హడలిపోతారు. అన్నీ ఒకేసారి ఖరాబ్ కావు. వోల్టేజీ పడిపోతే ఒక్కో కంట్రోల్ బాక్సూ తన లైటు తాను వేసుకుంటుంది. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ అయితే గట్టిగా తిప్పినప్పుడు పదుల ఆంపియర్లు లాగుతుంది, అందుకే ముందు మొండికేసేది అదే. వోల్టేజీ సరిచేయకుండా స్టీరింగ్ మోటారు మార్చుకున్న వాళ్లూ ఉన్నారు.

ఇక ఇంజన్ ఆపి పాటలు వింటుంటే తెర మీద 'బ్యాటరీ తక్కువుంది, ఇంజన్ స్టార్ట్ చేయండి' అన్న అర్థంతో మెసేజ్ వస్తే అది రోగం కాదు, హెచ్చరిక మాత్రమే. కొత్త బండ్లలో సిగ్నల్ దగ్గర ఇంజన్ దానంతటదే ఆగే సదుపాయం చాలా రోజులుగా పనిచేయకపోతే మాత్రం బ్యాటరీ నీరసిస్తోందని ముందే చెబుతున్నట్టు లెక్క. సెల్ఫ్ కొడితే ఇంజన్ నీరసంగా తిరగడమో, టక్ టక్ మని ఆగిపోవడమో జరిగి, ఒకసారి స్టార్టయ్యాక ఏ ఎర్ర లైటూ లేకపోతే, అప్పుడు బ్యాటరీనో టర్మినలో చూసుకోవాలి.

పది నిమిషాలు, మూడు రీడింగులు

300 నుంచి 600 రూపాయల్లో మామూలు మల్టీమీటరు ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరుకుతుంది. నాబ్‌ను డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి ఎర్ర వైరు ప్లస్‌కు, నల్ల వైరు మైనస్‌కు ఆనించాలి. క్లిప్పు మీద కాదు, దాని మధ్యలో కనిపించే సీసం మొలక మీద. క్లిప్పుకూ మొలకకూ మధ్య తుప్పుంటే రీడింగే తప్పుతుంది.

మొదటిది పొద్దున్నే, ఇంజన్ స్టార్ట్ చేయకముందు. రాత్రంతా కదలని బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉంది. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావే మిగిలింది. నిన్న వరంగల్ నుంచి హైదరాబాద్ దాకా దాదాపు 145 కిలోమీటర్లు నడిచొచ్చిన బండి పొద్దున 12.1 చూపిస్తే, బ్యాటరీ పట్టుకోవట్లేదు, లేదా రాత్రి ఏదో కరెంటు తాగుతోంది.

రెండోది సెల్ఫ్ కొట్టేటప్పుడు. ఇంట్లోవాళ్లను తాళం తిప్పమని మీరు మీటరు చూడండి. ఆ రెండు సెకన్లలో అంకె 9.6 కంటే కిందికి పడిపోతే, అంతకుముందు బ్యాటరీ 12.4 పైన ఉండి కూడా అలా జరిగితే, బ్యాటరీ పని అయిపోవచ్చింది.

మూడోది ఇంజన్ నడుస్తుండగా, కొద్దిగా రేజ్ ఇచ్చి. 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తర్వాత హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, వెనక అద్దం హీటరు అన్నీ వేయండి. 13.2 కంటే కిందికి పోకూడదు. మొన్న మా ఇంటి ముందు నా బండికి పొద్దున 12.48, సెల్ఫ్‌లో 10.3, నడుస్తుంటే 14.21, అన్నీ వేస్తే 13.86 వచ్చింది. అంటే డైనమో భేష్, బ్యాటరీ కాస్త ఆకలిగా ఉంది. హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా ఐదారు కిలోమీటర్లు రోజూ పోయొచ్చే బండికి అది మామూలే. బ్యాటరీ పూర్తిగా నిండేలోపే ఆఫీసు వచ్చేస్తుంది.

నడుస్తుంటే 12.3 చూపించి మెల్లగా తగ్గుతుంటే చార్జింగ్ లేదు, బ్యాటరీ షాపు గడప తొక్కకండి. 15 దాటితే ఇంకా చెడ్డది. వోల్టేజీని అదుపులో పెట్టే రెగ్యులేటర్ పోయి బ్యాటరీని ఉడకబెడుతోంది, బానెట్ తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసనొస్తుంది. ఆ వాసనొస్తే అగ్గిపుల్ల, సిగరెట్ దగ్గరికి రానీయకండి, అది మండే వాయువు.

ఈ అంకెలను గుడ్డిగా పట్టుకుంటే రెండుచోట్ల దెబ్బతింటాం. మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీల ఎండలో గంట నడిచిన బండికి 13.6 రావడం తప్పు కాదు, వేడెక్కితే రెగ్యులేటర్ కావాలనే వోల్టేజీ తగ్గిస్తుంది. రెండోది కొత్త బండ్ల సంగతి. ముఖ్యంగా 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక తయారైన చాలా కార్లలో చార్జింగ్‌ను ఇంజన్ కంప్యూటరే నడిపిస్తుంది. బ్యాటరీ నిండుగా ఉంటే డీజిల్, పెట్రోలు ఆదా కోసం వోల్టేజీని 12.8 దాకా దించి, బ్రేకు వేసినప్పుడు 14.8కి ఎక్కిస్తుంది. మైనస్ టర్మినల్ మీద చిన్న నల్ల డబ్బాలాంటి సెన్సర్ కనబడితే మీది ఆ జాతి బండే. హెడ్‌లైట్లు వేసి కాసేపు నడిపాక చూడండి. ఒక్క రీడింగుతో 'డైనమో పోయింది' అనే మెకానిక్‌కు మాత్రం నమస్కారం పెట్టి వచ్చేయండి.

నాలుగో పరీక్ష ఎవరూ చేయరు, కానీ డబ్బులు మిగిల్చేది అదే. ఇంజన్ నడుస్తూ లైట్లు వెలుగుతుండగా మీటరు ఎర్ర వైరు డైనమో వెనక లావు వైరు బోల్టుకు, నల్ల వైరు బ్యాటరీ ప్లస్‌కు ఆనించండి. బెల్ట్‌కు, ఫ్యానుకు చేయి, చున్నీ, వైరు తగలకుండా చూసుకోండి. 0.2 వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే డైనమో చేసిన కరెంటు దారిలోనే పోతోంది. అలాగే డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య చూడండి. తప్పు దొరికితే వేడినీళ్లలో వంటసోడా కలిపి టర్మినల్ మీది పచ్చని తెల్లని పొడి కడగడం, గరుకు కాగితంతో రుద్దడం, బిగించి పైన వేజలిన్ రాయడం, అంతే. ముందు మైనస్ విప్పాలి, చివర మైనస్ బిగించాలి.

ఎవరి దగ్గరికి?

బ్యాటరీ షాపువాళ్ల టెస్టు చాలాచోట్ల ఉచితం. చేతిలో పట్టే డిజిటల్ టెస్టరుతో రెండు నిమిషాల్లో చిట్టీ ఇస్తారు. బ్యాటరీ గురించి అది చెప్పే మాట దాదాపు నమ్మొచ్చు, కానీ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు చేసిందైతేనే. ఎండిపోయిన బ్యాటరీకి టెస్టు పెట్టి 'మార్చాలి' అంటే ఒప్పుకోకండి, ముందు చార్జ్ చేసి మళ్లీ చూడమనండి. బ్యాటరీ మీద ఉండే ఆకుపచ్చ కన్ను సంగతి కూడా చెప్పాలి. అది ఆరు గదుల్లో ఒక్క గది సంగతే చెబుతుంది. కన్ను పచ్చగా ఉండగానే మిగతా ఐదింట్లో ఒకటి చచ్చి ఉండొచ్చు.

డైనమో అని తేలితే నా ఓటు ఆటో ఎలక్ట్రీషియన్‌కే, సర్వీస్ సెంటర్‌కు కాదు. సర్వీస్ సెంటర్‌లో డైనమోను విప్పరు, మొత్తం అసెంబ్లీ మారుస్తారు. బిల్లు పదివేలు సులువుగా దాటుతుంది. ఎలక్ట్రీషియన్ విప్పి లోపలేం పోయిందో చూపిస్తాడు. కార్బన్లు, రెగ్యులేటర్, కరెంటును ఏసీ నుంచి డీసీగా మార్చే డయోడ్ ప్లేట్, బేరింగ్, ఇవి విడిగా దొరుకుతాయి. అయితే ఎలక్ట్రీషియన్లందరూ ఒకటి కాదు. నడుస్తున్న బండికి బ్యాటరీ మైనస్ పీకి 'చూడు, ఆగిపోలే, డైనమో మంచిగుంది' అనేవాడి చేతికి మీ బండి ఇవ్వకండి. అంబాసిడర్ కాలంలో చెల్లింది. ఇప్పుడు బ్యాటరీ అడ్డు తీసేస్తే వోల్టేజీ ఒక్కసారిగా ఎగదన్ని ఇంజన్ కంప్యూటరు, అదే ఈసీఎం, మాడిపోవచ్చు, డైనమో రిపేరుకు పోయి ఈసీఎం కొనుక్కోవాల్సొస్తుంది.

సర్వీస్ సెంటర్‌కే పోవాల్సిన బండ్లు మూడు రకాలు. వారంటీలో ఉన్నవి. మారుతి స్మార్ట్ హైబ్రిడ్‌లాంటివి, 2015లో సియాజ్‌తో మొదలైన ఈ రకంలో డైనమో, సెల్ఫ్ పని రెండూ చేసే ఒకే మెషీన్ ఉంటుంది, పక్కా స్కానర్ లేకుండా ముట్టుకోకూడదు. మూడోది ఎలక్ట్రిక్ కార్లు. వాటికి డైనమోనే ఉండదు, పెద్ద బ్యాటరీ నుంచి చిన్న 12 వోల్టుల బ్యాటరీకి ఒక కన్వర్టర్ కరెంటు పంపుతుంది. దాని జోలికి మనం వెళ్లొద్దు.

డైనమోకు రిపేరా, ఎక్స్ఛేంజా, కొత్తదా?

కార్బన్లు, రెగ్యులేటర్ పోతే రిపేరే చేయించండి, ఆలోచించే పనే లేదు. చాలా బండ్లలో ఈ రెండూ కలిసి ఒకే ముక్కగా వస్తాయి. డయోడ్ పోయిందా అన్నది మీరే చూడొచ్చు. ఇంజన్ నడుస్తుండగా మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీకి ఆనిస్తే అర వోల్టు కంటే ఎక్కువ రాకూడదు. డయోడ్ పోయిన డైనమో పగలు సగం చార్జ్ చేసి, రాత్రి బ్యాటరీని వెనక్కి ఖాళీ చేస్తుంది. బ్యాటరీ మీద పడే అబాండాల్లో సగం దీనివల్లే.

కాయిల్ కాలి నల్లబడితే, మాడిన తీగ వాసనొస్తుంటే, రీవైండింగ్ చేయిస్తామంటారు. నేనైతే వద్దంటాను. మోటారు కాయిల్ చుట్టినంత సులువు కాదిది, ఆరు నెలల్లో మళ్లీ వచ్చిన కేసులు చూశాను. అలాంటప్పుడు ఎక్స్ఛేంజ్ యూనిట్, అంటే పాతది ఇచ్చి తెచ్చుకునే బాగుచేసిన డైనమో, నయం. కాకపోతే పాతదాని ఆంపియర్లు, పుల్లీ మీది గాడులు, ప్లగ్గు, మూడూ కలవాలి. 90 ఆంపియర్లది తీసి 70ది పెడితే ఏసీ, ఫ్యాను, లైట్లు అన్నీ వేసిన రోజు చాలదు. కొన్ని పాత డీజిల్ బండ్లలో బ్రేకుల వాక్యూమ్ పంపు డైనమో వెనకే ఉంటుంది. అక్కడి సీలు కారి ఆయిల్ లోపలికి పోతే కార్బన్లు ఎన్నిసార్లు మార్చినా నిలవవు, ముందు ఆ సీలు మార్పించాలి. బండిని ఇంకో ఐదేళ్లు వాడుకునే ఉద్దేశం ఉండి, లక్షన్నర కిలోమీటర్లు దాటి, బేరింగ్ కూడా గురగురలాడుతుంటే కొత్తదే వేయించండి.

బ్యాటరీనే మార్చాలని తేలితే

ముందు, నిజంగా మార్చాలా? రాత్రి లోపలి లైటు మరిచిపోతే ఎండిపోయిన రెండేళ్ల బ్యాటరీని పారేయకండి. 35 ఆంపియర్-అవర్ (బ్యాటరీ ఎంత కరెంటు దాచుకోగలదో చెప్పే లెక్క) బ్యాటరీని మూడున్నర ఆంపియర్ల చొప్పున పది గంటలు మెల్లగా చార్జ్ చేయిస్తే చాలాసార్లు లేస్తుంది. జంప్ ఇచ్చి, ఇక డైనమోనే నింపుతుందిలే అనుకోవడం డైనమోకు భారం. పూర్తిగా ఎండిన బ్యాటరీని నింపడానికి పెట్టింది కాదది.

మన వాతావరణంలో బ్యాటరీని చంపేది ఎండాకాలం, శవం బయటపడేది వానాకాలంలోనో చలిలోనో. వేడి పెరిగేకొద్దీ లోపలి ప్లేట్లు తొందరగా పాడైపోతాయి. నాలుగేళ్లు దాటి రెండో రీడింగు కూడా 9.6 కిందుంటే ఇక బతిమాలొద్దు.

ఏది కొనాలి అన్నప్పుడు బ్రాండు పంచాయితీ నాకు రుచించదు. ఎక్సైడ్ అయినా, తిరుపతి దగ్గర తయారయ్యే అమరరాజా వాళ్ల అమరాన్ అయినా, అల్మారాలో ఏడాది కూర్చున్నదైతే రెండూ దండగే. తయారీ తేదీ కోడ్ అడిగి చదివించుకోండి, మూడు నెలల లోపుదైతే మంచిది. బ్యాటరీ మోడల్ నంబరు చివర ఎల్, ఆర్ అక్షరాలు ప్లస్ ఏ పక్కనుందో చెబుతాయి. తప్పుగా తెస్తే వైరు అందదు, లాగి బిగిస్తే షార్టవుతుంది. సిగ్నల్ దగ్గర ఆగి స్టార్టయ్యే బండికి మాత్రం మామూలు బ్యాటరీ వేయించి మిగుల్చుకోవాలనుకోవద్దు. అలాంటి బండ్ల కోసం చేసిన గట్టి రకాలు ఈఎఫ్‌బీ, ఏజీఎం; ఈఎఫ్‌బీ ఉన్నచోట ఈఎఫ్‌బీ, ఏజీఎం ఉన్నచోట ఏజీఎం. ధర ఎక్కువే, ఏజీఎం రెట్టింపు దాకా పోతుంది, కానీ మామూలుది ఏడాదికే చేతులెత్తేస్తుంది.

వారంటీలో 48 అనో 55 అనో నెలలు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. అందులో పూర్తి మార్పిడి సుమారు మొదటి సగానికే, మిగతాది ప్రో-రేటా, అంటే కొత్తదాని మీద కొంత తగ్గింపు. ట్యాక్సీ ప్లేటుకు ఆ నెలలు ఇంకా తగ్గుతాయి. పాత బ్యాటరీ తిరిగిస్తే ధర తగ్గిస్తారు. అందులో సీసం ఉంది, పాత సామాన్ల బండికి వేయొద్దు.

జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటి ముందు నెలల తరబడి నిలబడే గల్ఫ్ వాళ్ల కార్లది ఇంకో లెక్క. బండి ఆపి ఉన్నా అలారం, కంప్యూటర్లు 30 నుంచి 50 మిల్లీఆంపియర్లు తాగుతూనే ఉంటాయి. 50 అంటే రోజుకు 1.2 ఆంపియర్-అవర్, 35ది నెలలో ఖాళీ. వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపడం నష్టమే తప్ప లాభం లేదు. అరగంట నడపడానికి మనిషి ఉంటే నడపమనండి, లేకపోతే మైనస్ విప్పి పెట్టమనండి. ఇంటి దగ్గరున్న తమ్ముడు ప్రతి వారం ఆ మాట మీద నిలబడతాడన్న నమ్మకం లేకపోతే రెండోదే ఖాయం.

దారిలో వెలిగితే ఆపాలా, పోవాలా?

లైటు వెలిగిన వెంటనే చూడాల్సింది టెంపరేచర్ ముల్లును. చాలా బండ్లలో డైనమోను తిప్పే బెల్టే వాటర్ పంపునూ తిప్పుతుంది. బెల్ట్ తెగితే చార్జింగ్‌తో పాటు ఇంజన్ చల్లబడటమూ ఆగుతుంది. ముల్లు పైకి లేస్తుంటే అక్కడే ఆపాలి, తాడ్వాయి అడవైనా సరే. వాక్యూమ్ పంపు డైనమో వెనకున్న డీజిల్ బండైతే బ్రేకు కూడా రాయిలా గట్టిపడుతుంది.

ముల్లు కదలకపోతే మీ చేతిలో ఉన్నది బ్యాటరీలో దాచిన కరెంటే. పగలు ఏసీ, పాటలు, చార్జర్లు ఆపేస్తే బండి 10 నుంచి 15 ఆంపియర్లతో నడుస్తుంది. 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ మంచిదైతే గంట, గంటన్నర తోలొచ్చు. ములుగు నుంచి హన్మకొండ యాభై కిలోమీటర్లే కాబట్టి చేరతారు. రాత్రి హెడ్‌లైట్లు ఒక్కటే తొమ్మిది ఆంపియర్లు, రేడియేటర్ ఫ్యాను తిరిగినప్పుడల్లా ఇంకో పదిహేను. అప్పుడు అరగంటే నమ్మండి. మేడారం జాతర ట్రాఫిక్‌లో ఆగి ఆగి పోయేటప్పుడు అది కూడా ఉండదు. దారిలో ఎక్కడా ఇంజన్ ఆపకండి, టీ తాగాలన్నా సరే, మళ్లీ సెల్ఫ్ కొట్టే బలం ఉండకపోవచ్చు.

జంప్ ఇవ్వాల్సొస్తే ఎర్రది ముందు ఎండిన బ్యాటరీ ప్లస్‌కు, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కు, రెండో కొస ఎండిన బండి ఇంజన్ మీద రంగు లేని ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. చివర వేసే కొస దగ్గరే నిప్పురవ్వ లేస్తుంది కాబట్టి. మేడారం పోయేటప్పుడు దారిలో గట్టమ్మ గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టాక, ఇప్పుడు నేను బానెట్ ఎత్తి ఆ బెల్ట్‌ను బొటనవేలితో ఒకసారి నొక్కి చూస్తాను, ఇంజన్ ఆపాకే.